తేనెటీగలకు బాలింత పత్యం

పాపా, నీళ్ళు తాగినావా? ఇంగ కూర్చో. నేను చెప్పుకుంటా పోతా, నువ్వు రాసుకుంటా రా. నేను ఎట్ల మాట్లాడతానో అట్లనే రాయి. నున్నగా చేసినావంటే అది నేను చెప్పినట్టు ఉండదు, మీ టీచరు చెప్పినట్టు ఉంటాది. మనూర్లో అందరూ ఫోన్ చేసి అడగతాండారు, కువైట్‌లో తేనెటీగలు పెంచతాండావంట కదా, నిజమేనా అని. ఒక్కొక్కరికి మొదుట్నుంచి చెప్పల్లంటే నాకు దవడలు నొప్పి పుడతాయి. ఒక్కసారి రాసిపెట్టినామంటే అందరికీ పంపించి గమ్మున ఉండొచ్చు.

ముందు మామా గురించి రాయి. మామా అంటే నేను పని చేసే ఇంటామె. ఎగైలాలో ఇల్లు. నా కొడుకు, అదే మీ నాయన, బడికి పోయే వయసులో ఉన్నెప్పుడు నేను ఆ ఇంటికి వచ్చినా. ఇప్పుడు మీ నాయన అర్దియాలో గ్యారేజీలో మెకానిక్కు, నువ్వు నా ఎదురుగా కూర్చోని టకటకా కొడతాండావు, నేనింకా ఆ ఇంట్లోనే ఉండా. ఆమె పిల్లోల్లు నా సంకలో పెరిగినారు, నన్ను యుమ్మా, యుమ్మా అని పిలుస్తా. అంటే వాళ్ళల్లో అమ్మా అని. పెండ్లిళ్ళు చేసుకోని ఎవురిండ్లకు వాళ్ళు పోయినారు. ఇంట్లో మిగిలింది మేమిద్దరు ముసిలోల్లం. ఇప్పుడు మామా కూడా నన్ను యుమ్మా అనే అంటాది. నేను మామా అంటా, ఆమె యుమ్మా అంటాది, బయటోల్లు వింటే ఎవురికి ఎవురు అమ్మో తెలీదు. మేము మాట్లాడుకునేది సగం అరబీ, సగం చేతులు. నీకు మాత్రం అంతా తెలుగులోనే చెప్తా.

మామా బడిలో పాఠాలు చెప్పేది. ఆ పని అయిపోయినాక ఇంట్లో ఉండేదానికి ఆమెకు కాళ్ళు నిలవలే. వంటింట్లోకొచ్చి నా డబ్బాలు సర్దేది. నేను ఉప్పు డబ్బా ఎతుక్కుంటాంటే ఫ్రిజ్జు మీద ఉండాది. కారం డబ్బా సింకు కింద. "మామా, నువ్వు ఏదన్నా పని ఎతుక్కోకపోతే నేను మా ఊరికి పోతా" అంటి ఒకరోజు. నవ్వినాది. ఆ మరుసటి వారమే తేనెటీగల పెట్టెలు కొనుక్కోనొచ్చింది. ఐదు పెట్టెలు. నా నోరు చేసిన పని చూడు.

వాళ్ళకు వఫ్రాలో పొలముండాది. వాళ్ళ నాయనది. ఎగైలా నుంచి దక్షిణంగా కారులో పోతే ఊర్లన్నీ అయిపోయి, ఇసుక అయిపోయి, ఉన్నట్టుండి పచ్చగా కనపడతాది. టమోటా, దోస, ప్లాస్టిక్ గుడారాల్లో పంట. గొర్రెలు. ఆ పొలంలో ఒక మూల రేగుచెట్లు ఉండాయి. మన రేగుచెట్టే పాపా, అదే ముల్లు, అదే కాయ. వీళ్ళు సిద్ర్ అంటారు. ఆ పూల తేనె అంటే వీళ్ళకు ప్రాణం. ఆ చెట్ల కింద పెట్టెలు పెట్టించింది మామా. ఎండాకాలం పోయి రేగు పూత పట్టే టైములో.

నేను తొలిసారి ఆమెతో ఆడికి పొయ్యి చెప్పులిడిచి మట్టిలో నిలబడితి. ఎన్నేండ్లయింది తెలుసునా నేల తొక్కి? ఇంట్లో బండలు, వాకిట్లో బండలు, బయట సిమెంటు. ఆ మట్టి మెత్తగా, తడిగా, నీళ్ళ పైపు పక్కన కాళ్ళు దిగబడతాంటే నాకు నగు ఆగలే. మామా చూసి "ఏమైంది యుమ్మా?" అనె. "ఏం కాలే, నువ్వు నీ ఈగల్ని చూసుకో" అంటి. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మేమిద్దరం వఫ్రాకు. మామా కారు తోలేది, నేను పక్కన రొట్టెలు, చాయ్ ఫ్లాస్కు పట్టుకోని. ఆమె తోలేది చూస్తే నీకు భయమేస్తాది. నాకు అలవాటైపోయింది.

మామాకు ఒక తమ్ముడు ఉండాడు. మంచోడే, కానీ నోరు ఊరుకోదు. పొలంలో ఇద్దరికీ భాగముండాది గానీ ఏ పక్క ఎవురిదని గీసుకోలే. ఆయప్ప ఆలోచనేందంటే, ఆ రేగుచెట్ల మూల చదును చేసి, ఒక ఇల్లు కట్టి, ఈత కొట్టేదానికి నీళ్ళ తొట్టి కట్టి, సెలవు రోజుల్లో కుటుంబాలకు బాడిగకిస్తాడంట. వఫ్రాలో ఇప్పుడు అందరూ అదే చేస్తాండారు. ఒక శుక్రవారం మేము ఆడుంటే వచ్చినాడు. వీళ్ళ మొగోల్లు ఏసుకునే పొడుగు అంగీ, దిష్దాషా, అది తెల్లగా, కారు తెల్లగా, రెండూ తళతళా. పెట్టెలకు దూరంగా నిలబడి అంటాడు, "అక్కా, నీ ఇంట్లో చేపలుండె, చచ్చినాయి. చిలకలుండె, ఎగిరిపోయినాయి. ఇప్పుడు ఈగలా?"

"చేపలు నీ కొడుకు సబ్బునీళ్ళు పోస్తే చచ్చినాయి" అనింది మామా.

"సరే. ఈ చలికి ఇవి నిలవవు. వఫ్రా చలి నీకు తెలీదా?"

"నిలిస్తే?"

ఆయప్ప కొంచేపు గడ్డం గోక్కున్నాడు. "చలి పోయేటప్పటికి ఇవి బతికుంటే ఈ మూల నీది. నేను మళ్ళ అడగను. చచ్చినాయంటే ఖలాస్, నా తొట్టి ఈడనే వస్తాది."

"మాటేనా?"

"మాటే."

పోతా పోతా నన్ను చూసి, "యుమ్మా, నువ్వు సాక్షి" అన్నాడు. నేను తల ఊపితి. కానీ లోపల లెక్క ఏసుకుంటి. ఆ మూల పోతే మామాకు ఈగలు పోతాయి. నాకు శుక్రవారం పోతాది. మళ్ళా ఇద్దరం ఎగైలాలో, ఉప్పు డబ్బా ఫ్రిజ్జు మీద.

మనూరోల్లు అనుకుంటారు ఎడారిలో చలేంది అని. వాళ్ళకేం తెలుసు. ఈడ చలి ఎముకల్లోకి పోతాది. ఉత్తరం నుంచి గాలి కొడతాది చూడు, షమాల్ అంటారు, అది కొట్టిందంటే రగ్గు కప్పుకున్నా గోడకు ఆనుకోలేవు. ఊర్లోనే అట్లుంటే వఫ్రాలో అడ్డమేముండాది? పొద్దన్నే పోతే గొర్రెల మేత మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు మంచు.

మామా ఫోన్లో వీడియోలు పెట్టుకోని చూసేది. మంచు దేశాలోల్లు పెట్టెలకు నల్ల ప్లాస్టిక్ చుట్టి, దుప్పట్లు కట్టి, మూటలు మాదిరి చేసిపెట్టింటారు. చూసి నాకు చూపించినాది. నేను చూస్తానే అంటి, "ఓస్, ఇదేనా. ఇది బాలింతకు చేసేది కదా."

నువ్వు నగుతావేంది? నిజమే కదా. పెట్టె లోపల ఏముంటాది? ఒక రాణి ఈగ. గుడ్లు పెడతానే ఉంటాది. అంటే బాలింతే కదా. మీ అమ్మకు నిన్ను కన్నెప్పుడు నేను ఏం చేసినా? కిటికీలు మూసినా, తలుపు సందులో గుడ్డలు కుక్కినా, చెవుల్లో దూది పెట్టినా, తలకు గుడ్డ కట్టినా, సాంబ్రాణి పొగ ఏసినా, కాయం తినిపించినా. గాలి సోకకూడదు. సోకితే అంతే. ఇదంతా మామాకు చేతులు ఊపుకుంటా చెప్తే, ఆమె కండ్లు పెద్దవి చేసి, "మా అమ్మ కూడా నాకట్లనే చేసె. నలభై రోజులు నన్ను గదిలో పెట్టి నెయ్యిలో ముంచి తీసింది" అనింది. ఇంగ ఇద్దరికీ హుషారొచ్చింది. ఇద్దరం ఎన్ని కాన్పులు చూసినోల్లం. ఐదు పెట్టెలొక లెక్కనా.

ఆ శుక్రవారం కారు వెనకసీటు నిండా రగ్గులు. మామా పిల్లోల్ల పాత రగ్గులు, ఒకదాని మీద బొమ్మ కుందేలు. ఒక్కొక్క పెట్టెకు రగ్గు చుట్టి, మీద ప్లాస్టిక్ చుట్టి, టేపు ఏసి బిర్రుగా బిగించినాం. ఎక్కడ సందు కనపడితే అక్కడ దూది. ఈగలు వచ్చిపోయే దావ కూడా నా చిటికినేలు పట్టేంతే ఇడిసినాం. మూత చుట్టూ మామా మూడు వరసలు టేపేసింది. ఆడ పొలం చూసుకునే బెంగాలీ భాయ్ ఒకాయన ఉండాడు, గొర్రెలు మేపుతాడు. ఆయన వచ్చి చూసి, "ఖాలా, ఇవి యాడికి పార్సిల్?" అని హిందీలో అడిగె.

పత్యం కాడ మాత్రం మామా నా మాట వినలే. నేను సొంటి, బెల్లం నూరి పాకం తెచ్చినా. "బెల్లం వద్దు యుమ్మా, చదివినా నేను. బెల్లం తింటే వీటికి కడుపు చెడతాది. ఒట్టి చక్కెరే" అనింది. సరే అని చక్కెర ముద్ద చేసి పెట్టినాం. బెల్లం పాకం భాయ్ తాగేసినాడు. బాగుంది అన్నాడు.

సాంబ్రాణి కాడ కొట్లాట. నేను సాంబ్రాణి అంటా, ఆమె బఖూర్ అంటాది, వీళ్ళు ఇండ్లల్లో ఏసుకునే ఊదు పొగ. చివరికి రెండూ ఏసినాం. ఆ పొగకు లోపలుండేవి చిరాకుపడి, ఆ చిన్న దావలోంచి ఒకటి బయటికొచ్చి, నేరుగా పోయి మామా ముక్కు మీద కుట్టె. ముక్కు వంకాయ మాదిరి అయింది. వారం దినాలు మాస్కు పెట్టుకోని తిరిగింది. తమ్ముడు ఫోన్ చేసి "నీ ఈగలకు రజాయిలు కప్పినావంట కదా, వాటికి స్కూలు బ్యాగులు కూడా కొనిస్తావా" అంటే, "నాకు జలుబు, మాట్లాడలేను" అని పెట్టేసింది.

ఆ తర్వాత వాన పట్టుకుంది. ఈడ వాన వస్తే ఊరంతా నీళ్ళు, రోడ్డు మీద కార్లు తేలతాయి. ఒక శుక్రవారం పోలేకపోతిమి. మళ్ళా శుక్రవారం మధ్యాహ్నం ఎండ రవ్వంత కాస్తే పోయినాం. మామా ముందుగా పెట్టెలకు చెవి పెట్టి వినింది. అట్ల వినేది ఆమె వీడియోల్లో నేర్చుకుంది. లోపల జుమ్మని సన్నగా శబ్దమొస్తాంటే బాగుండట్టు. మొదటి పెట్టెకు చెవి పెట్టి నగుమొహం. రెండోదానికీ నగుమొహం. మూడోదానికి పెట్టి అట్లనే ఉండిపోయింది. "యుమ్మా, నువ్వు విను" అనింది. నేను వింటి. ఏమీ లేదు. గోడకు చెవి పెట్టినట్టు.

టేపు పీకి, ప్లాస్టిక్ ఇప్పి, మూత ఎత్తితే, పాపా, మూత లోపల నీళ్ళు. చినుకులు చినుకులుగా ఏలాడతాండాయి. వాన నీళ్ళు కావు, ప్లాస్టిక్ చిరగలే. ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల మీద నల్లగా బూజు. కింద ఈగలన్నీ కుప్ప. తడిసిపోయి, రెక్కలు అంటుకోని. ఒక్కటి కదల్లే.

మామా ఆడనే బక్కిట్టు బోర్లేసుకోని కూర్చుండిపోయింది. తర్వాత ఫోను తీసింది. "తమ్మునికి చెప్తా. ఖలాస్. ఆయప్ప చెప్పిందే నిజమైంది. నాకు ఇవి చేతకావు" అనింది.

"ఉండు మామా" అంటి. నాకు ఆ మూతనే చూడాలనిపిస్తాంది. యాడో చూసినా దీన్ని. ఎన్నోసార్లు చూసినా. ఆ చినుకులు, ఆ వాసన. వేలితో మూత తుడిస్తే నీళ్ళు కారి నా మోచేతికి వచ్చె. అప్పుడు మతికొచ్చింది. హాట్ బాక్సు.

నీకు తెలుసు కదా నేను రొట్టెలు చేసి హాట్ బాక్సులో పెట్టేది. వేడిగా ఉండేటప్పుడు పెట్టి బిర్రుగా మూతేస్తే ఏమైతాది? పైన ఆవిరి పట్టి, నీళ్ళై, రొట్టెల మీద పడి మెత్తగా గంజైపోతాయి. అందుకే నేను లోపల గుడ్డ పరస్తా, మూత రవ్వంత తెరిచిపెడతా. ఈ ఈగలు లోపల ఒకదాన్నొకటి అతుక్కోని, ఒళ్ళు ఊపుకుంటా వేడి పుట్టించుకుంటాయని మామానే చెప్పింది నాకు. వేడుంటే ఆవిరుంటాది కదా. ఆ ఆవిరి యాడికి పోవల్ల? మేము సందు సందుకూ దూది కుక్కితిమి.

"మామా, ఇవి చలికి చావలే" అంటి. "చలికి చచ్చింటే ఎండుగా ఉండల్ల. ఇవి తడిసి చచ్చినాయి. మనం ఊపిరాడకుండా కట్టేసినాం."

ఆమె మూత తీసుకోని ఎండకు తిప్పి తిప్పి చూసె. "బాలింతకు చేసినట్టు చేసినాం కదా" అనింది చిన్నపిల్ల మాదిరి.

"బాలింత ఒక్కతే ఉంటాది గదిలో. ఇవి వేలకు వేలుండాయి. ఒక గదిలో అంతమంది బాలింతల్ని పెట్టి తలుపేసినామనుకో. ఏమైతాది?"

అంత దిగులులో కూడా ఆమెకు నగొచ్చింది. నగుతా నగుతా కండ్లు తుడుచుకుంది. ఫోను జోబులో పెట్టేసింది. "సరే. నాలుగుండాయి. యల్లా, పని పట్టు" అనింది.

ఆ మధ్యాహ్నం మేము చేసిన పని చూసింటే నువ్వు మీ జేజిని ముసిలిది అనవు. రగ్గులన్నీ పీకినాం. మిగిలిన నాలుగు మూతల కింద కూడా చెమ్మ ఉండాది, కానీ ఈగలు బతికుండాయి, ముద్దగా గుమిగూడి ఉండాయి. ఎండ పోకముందే పని కావల్ల, మూత తీసి ఎక్కువసేపు పెట్టకూడదు. ఆవిరి పీల్చేది ఏదన్నా పైన పెట్టల్ల, గుడ్డ మాదిరి, కానీ గాలి ఆడల్ల. నేను దిక్కులు చూస్తాంటే ఖర్జూరం చెట్టు కనపడె. మట్టల మొదట్లో పీచుంటాది చూడు, వల అల్లినట్టు, ఎండుగా. దాంతోనే మీ నాయన చిన్నప్పుడు నేను గిన్నెలు తోమేది ఈడ. భాయ్ నిచ్చెనేసుకోని ఎక్కి ఆ పీచు పీకి పీకి కిందికేసె. గొర్రెల దాణా వచ్చిన గోనెపట్టలు కత్తిరించి, అందులో ఆ పీచు నింపి, దిండ్లు కుట్టినాం. సూది నాది, దారం మామాది. ఆమె కుట్లు మా అమ్మ చూసింటే చెవి పట్టుకోని మెలేసుండేది. ఒక్కొక్క పెట్టెలో చట్రాల మీద ఒక్కొక్క దిండు. దాని మీద మూత, మూత కింద పుల్ల పెట్టి సన్నగా సందు. వెనక పక్క పెట్టె కింద రాయి పెట్టి రవ్వంత ముందుకు వంచినాం, లోపల నీళ్ళు పట్టినా దావలోంచి కారిపోయేటట్టు. దావ పెద్దది చేసినాం. ఉత్తరం గాలికి మాత్రం ఖర్జూరం మట్టలు తెచ్చి దడి కట్టినాం. గాలి తగలకూడదు గానీ గాలి ఆడల్ల. మా ఇద్దరికీ ఇన్నేండ్లకు తెలిసిన సంగతి అది.

చచ్చిపోయిన పెట్టెను మామా ఎవురికీ కనపడకుండా పెట్టొచ్చు కదా? భాయ్ అదే అన్నాడు, కొట్టంలో దాచిపెడతా అని. మామా వద్దనింది. "తమ్ముడు వచ్చినప్పుడు నేనే చూపిస్తా" అనింది. ఆ పెట్టెను కడిగి, మూత తీసి, ఎండలో అట్లనే పెట్టించింది.

ఇంగ కష్టమైంది ఏందంటే గమ్మున ఉండేది. మూత తియ్యకూడదు. తీస్తే వేడి పోతాది. మామాకు గమ్మున ఉండేది యాడొస్తాది? ఎగైలాలో పొద్దన లేస్తానే ఫోన్లో వఫ్రా చలి ఎంతుండాదో చూసేది, నా దగ్గిరికొచ్చి చెప్పేది. నేను ఉల్లిగడ్డలు తరగతాంటే వచ్చి, "యుమ్మా, ఒకే ఒక్కసారి పొయ్యి చూసొద్దామా?" అనేది. "చూసి ఏం చేస్తావు? వాటికి కత చెప్తావా?" అనేది నేను. మళ్ళా సాయంత్రం వచ్చేది. శుక్రవారం పోతే చెవి పెట్టి వినేది, అంతే, మూత ముట్టనియ్యలే నేను. ఒకసారి నేను అవతలికి పోయి గిన్నె కడుక్కోనొచ్చే లోపల మూత మీద చెయ్యి పెట్టింది. "మామా" అంటి. చెయ్యి తీసి, "దుమ్ము తుడుస్తాండా" అనింది.

అన్నిటికంటే పెద్ద చలి అప్పుడొచ్చింది. భాయ్ ఫోన్ చేసి, గొర్రెల తొట్టిలో నీళ్ళు గడ్డ కట్టినాయి, పైప్ పగిలింది అన్నాడు. మామాకు జ్వరం. పోయేదానికి కాలే. ఆమె మంచం మీద రగ్గు కప్పుకోని, "నాకు కప్పినావు, వాటికి తీసేసినావు" అని నా మీద విసుక్కునింది. "నీకు కూడా మూతేసి టేపేస్తా, ఉండు" అంటి. మిరియాల చారు తాగించినా. కానీ నాకూ లోపల దిగులే. వంటింటి కిటికీలోంచి గాలి ఈలేస్తాంటే ఆ దిండ్లు సరిపోతాయో లేదో, ఆ దడి నిలబడిందో లేదో అని అదే ధ్యాస. చారులో ఉప్పు రెండుసార్లు ఏసినా. జ్వరం కాబట్టి ఆమెకు తెలీలే.

తర్వాత గాలి ఆగింది, చలి కూడా ముగిసింది. జ్వరమూ తగ్గింది. ఆ శుక్రవారం ఎట్లుండె అంటే, ఆకాశం కడిగినట్టు నీలంగా, ఎండ వీపుకు హాయిగా. మేము పోయేటప్పటికే తమ్ముడి తెల్ల కారు రేగుచెట్ల కింద నిలబెట్టుండాది. పెట్టెలకు ఎదురుగానే. పక్కన ఒక మేస్త్రీ, చేతిలో టేపు, సున్నం పొడి సంచి. కొలతలు తీస్తాండారు. మామా కారు ఆపి కూడా దిగలే. స్టీరింగు పట్టుకోని కూర్చోనుండాది.

"దిగు మామా" అంటి.

"నువ్వు పొయ్యి విను ముందు."

"నేనెందుకు? నీ ఈగలు."

దిగింది. తమ్ముడు ఎదురొచ్చి సలాం చేసినాడు. "అక్కా, చూసినా, ఒకటి ఖాళీగా ఎండలో ఉండాది" అన్నాడు. ఎగతాళిగా అనలే, మెల్లగానే అన్నాడు. అదే ఇంకా బాధ.

"అది మేము చంపుకున్నాం" అనింది మామా. "మిగిలినవి నేను కూడా ఇంకా వినలే. రా, ఇద్దరం విందాం."

ఆయప్ప రెండడుగులు ఏసినాడు, నిలబడిపోయినాడు. ఏంటికంటే పెట్టె దావలో ఒక ఈగ వచ్చి నిలబడింది. మూతి తుడుచుకుంది. దాని వెనకాల ఇంకోటి. తర్వాత ఇంగ లెక్కలేదు పాపా. పొంగిన పాలు మాదిరి. ఒక పెట్టెలోంచి, పక్క పెట్టెలోంచి, నాలుగు పెట్టెల్లోంచి. గాలంతా జుమ్మని. ఎండలో బంగారు నలకలు ఎగరతాండట్టు. మామా నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, నా గాజు అచ్చు పడింది.

ఇప్పుడు చెప్పేది కూడా రాయి, సిగ్గుపడొద్దు. ఈ తేనెటీగలు ఉండాయి చూడు, బలే శుభ్రమైనవి. ఇంట్లో దొడ్డికి పోవు. చలిలో బయటికి రాలేవు కాబట్టి ఎన్ని దినాలైనా కడుపులోనే పట్టుకోనుంటాయి. ఎండ కాచిందంటే అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. వచ్చి ఎగరతానే పని కానిచ్చేస్తాయి. అవన్నీ ఎగిరింది యాడ అనుకుంటాండావు? ఆ తెల్ల కారు మీద.

ముందు ఒక చుక్క పడె అద్దం మీద. పసుపుగా, ఆవాలంత. తమ్ముడు చూసి జోబులోంచి రుమాలు తీసి తుడిచినాడు. అది సాగి అరచేతంత అయింది. ఆ లోపల పైకప్పు మీద, తలుపుల మీద, ముందర, వెనక, టపటపా. కొంచేపటికి ఆ కారు తెల్లగా లేదు. పసుపు నీళ్ళు చిలకరించిన పెండ్లి బండి మాదిరి ఉండాది. ఆయప్ప దాని చుట్టూ తిరగతాండాడు, ఈ పక్క తుడిస్తే ఆ పక్క. "ఏంది ఇది, ఏంది ఇది" అంటాండాడు. ఆయన దిష్దాషా భుజం మీద కూడా రెండు.

మామా నిలబడలేకపోయింది. ఖాళీ పెట్టె మీద కూర్చోని, పొట్ట పట్టుకోని నగుతాంది. ఆమె అంత నగేది ఆమె పిల్లోల్ల పెండ్లిళ్ళల్లో కూడా నేను చూళ్ళే. "బతికుండాయా లేదా?" అని అడగతాంది ఆయప్పని. "చెప్పు, బతికుండాయా?"

"బతికుండాయి, బతికుండాయి. నాకు కనపడతాంది" అన్నాడు. తర్వాత ఆయప్పకూ నగొచ్చింది. భుజం మీది చుక్క చూసుకోని, మేస్త్రీ వైపు తిరిగి, "తొట్టి ఈడ కాదు, ఆ పక్కకు జరుపుదాం. నీళ్ళ తొట్టి మీద ఇట్లా పడితే బాడిగకు ఎవురొస్తారు" అన్నాడు.

"అది కాదు మాట" అనింది మామా లేచి. "ఈ మూల నాదని చెప్పు. యుమ్మా సాక్షి ఉండాది."

"నీదే అక్కా. మాటంటే మాటే."

"యాడికి నాది?"

ఆయప్ప చేత్తో చూపించినాడు, ఈడ నుంచి ఈడికి అని, చిన్నగా. మామా ఆ చేతి వైపు చూడనే లేదు. నేరుగా మేస్త్రీ దగ్గిరికి పొయ్యి, సున్నం పొడి సంచి అందుకుంది. నల్ల అబాయా కొంగు ఒక చేత్తో ఎత్తి పట్టుకోని, ఇంకో చేత్తో పొడి కారుస్తా, ఆ చివరి రేగుచెట్టు కాడ మొదలుపెట్టి నడుస్తా పోయింది. నేను వెనకాల సంచి అడుగు పట్టుకోని. గాలికి ఆ పొడి ఎగిరి ఆమె అబాయా సగం తెల్లగైపోయింది. ఈగలు మా తల మీద తిరగతాండాయి, మాకేం పట్టలే.

"అక్కా, అంత కాదు" అని కేకేసినాడు తమ్ముడు కారు తుడుచుకుంటా.

ఆమె ఆగలే. కంచె దగ్గిరికొచ్చినాక నన్ను తిరిగి చూసి, "ఈడికి చాలా యుమ్మా?" అని అడిగింది.

"ఇంకా రవ్వంత జరుపు మామా" అంటి. "నేను గోంగూర ఏసుకునేదానికి తావుండల్ల."